నీళ్ళు మోసే లారీ ఎందుకు ఉడికింది

ఎండను ఇచ్చినవాడికి నమస్కారం. ఆ ఎండను ఓర్చుకునే ఒళ్ళు ఇచ్చినవాడికి నమస్కారం. ప్రాణం లేని ఇనుముకు కూడా ఒక ధర్మం పెట్టి, ఇంత వేడికి మించి ఓర్చుకోవద్దని హద్దు గీసి, ఆ హద్దు తెలుసుకునే బుద్ధిని నాబోటి తక్కువ చదువువాడికి కూడా కాస్త పంచిపెట్టిన నారాయణుడికి వేయి నమస్కారాలు. ఆయన పేరు తలచుకోకుండా నేను ఏనాడూ స్పానరు చేతబట్టలేదు. ఈ నాలుగు మాటలూ ఆయన పేరుతోనే మొదలుపెడుతున్నాను.

గ్యారేజీల్లో పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నలభై ఏళ్ళు మెకానిక్కుగా పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. బాగుచేసిన బండ్ల సంగతులు చాలా ఉన్నాయి. అవి చెప్పుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. నేను ఓడిపోయిన సంగతి ఒకటుంది. అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

మాది కన్నడ రాష్ట్రంలో, పావగడ తాలూకాలో, నాగలమడిక పక్క పల్లె; ఇంట్లో మాత్రం తెలుగే. మా తాత పురాణం చదివేవాడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆయన పక్కన కూర్చుని పేజీలు తిప్పేవాణ్ణి. ఆయన పోయాక ఏకాదశి భజనలో చదివి అర్థం చెప్పే పని నాకు వచ్చింది. పగలంతా గ్రీజులో మునిగినా, ఆ సాయంత్రం తలంటుకుని తెల్లపంచె కట్టుకుని పీట మీద కూర్చుంటే పెద్దవాళ్ళు కూడా నన్ను 'మీరు' అనేవారు. గ్యారేజీలో నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. నాకు పని బాగా వచ్చు కాబట్టి అనుకునేవాణ్ణి. అది సగమే కారణమని తరువాత తెలిసింది.

సోలార్ పార్కు వచ్చి వల్లూరు, రాయచెర్లు పొలాల్లో వేరుశెనగకు బదులు ప్యానెళ్ళు మొలిచిన తరువాత, ఆ ప్యానెళ్ళు కడిగే పని తీసుకున్న ఒక కాంట్రాక్టరు దగ్గర నాకు ఉద్యోగం దొరికింది. రెండు ట్రాక్టర్లు, ఒక జీపు, ఒక నీళ్ళ లారీ నా పూచీలో ఉండేవి. లారీ బాగా పాతది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన రకం. బానెట్ ఎత్తితే ఇంజను మొత్తం చేతికి అందుతుంది. ఇప్పటి బండ్లలో ఆ సుఖం లేదు. దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. ఆ ఏడు ఆయుధపూజకు పావగడలో బోర్డులు రాసే మనిషి చేత, శంఖచక్రాలు పట్టిన స్వామిని రేకు మీద రాయించి తెచ్చాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఏకాదశి ఉపవాసం ఉండి, నా చేతులతో లారీ మూతికి బిగించాను. దూరం నుంచి వస్తుంటే స్వామే ఎదురొస్తున్నట్టు ఉండేది. ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళందరూ పొద్దున్నే దానికి మొక్కి పనిలోకి దిగేవారు.

లారీ డ్రైవరు రాయచెర్లు మనిషి. నలభై దాటినవాడు. భూమి పార్కుకు కౌలుకిచ్చి, మిగిలిన చెక్కలో వానను నమ్ముకుని ఏదో వేసేవాడు. తక్కువ మాటలవాడు. హారన్ కొట్టడం కూడా ఇష్టం లేదు. రోడ్డుకు గొర్రెలు అడ్డమొస్తే ఇంజను ఆపి, అవి పోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. గేరు మార్చితే పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. బండిని కొట్టి, తిట్టి నడిపే డ్రైవర్లనే ఎక్కువగా చూసిన నాకు ఆ మనిషంటే లోలోపల గౌరవం. ఆ గౌరవం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అది నా మొదటి తప్పు అనుకోండి.

శివరాత్రి దాటింది. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట ప్యానెళ్ళ బ్లాకుల దగ్గరున్న తొట్లు నింపడానికి లారీ నిండా నీళ్ళతో వెళ్ళాలి. రాయచెర్లు వైపు పోయే దారిలో ఒక పొడుగాటి ఏటవాలు ఉంది. ఒకరోజు ఆ ఎక్కుడులో లారీ ఉడికింది. వేడి చూపించే సూది ఎర్రగీత దాటి, ఇంజనును చల్లబరిచే రేడియేటరు మూత దగ్గర బుసబుసమని ఆవిరి. మర్నాడూ అంతే. వారంలో నాలుగుసార్లు అయ్యేసరికి తొట్లు ఎండిపోయి, ఆడవాళ్ళు బ్రష్షులు పట్టుకుని ఊరికే కూర్చోవలసి వచ్చింది.

నా అనుమానం మొదటినుంచీ నీళ్ళ మీదే. మా తాలూకా బోరునీళ్ళ సంగతి మీకు తెలుసు. బిందెలో నాలుగు రోజులుంటే అడుగున సున్నం పేరుకుంటుంది. ఆ నీళ్ళతో కడిగితే ప్యానెళ్ళ మీద తెల్లమచ్చలు పడతాయని, వాటికోసం శుద్ధిచేసిన నీళ్ళు లారీలో నింపి పంపేవారు. రేడియేటరు మూత తీసి వేలు పెడితే వేలికి తెల్లటి పొర అంటింది. డ్రైవరును పిలిచాను.

"ఏమప్పా, వీపు మీద ఇన్ని మంచినీళ్ళు మోయించుకుంటా, దాని కడుపులోకి బోరునీళ్ళు పోస్తాండావా?"

"అవి ప్యానెళ్ళకిచ్చిన నీళ్ళు గదన్నా. మనకిచ్చినవి కాదు."

"ఒక బిందె తీసుకుంటే ఎవరడగతారు?"

"ఎవరూ అడగరు. అందుకే తీసుకోలేదు."

ఆ జవాబుకు తల ఊపి మూత బిగించాను. మనసులో మాత్రం, తప్పు ఈయన దగ్గరే ఉందని ముద్ర పడిపోయింది. మంచితనం వల్లే కావచ్చు, తప్పు తప్పే కదా.

సూపర్‌వైజరుకు చెప్పి మంచినీళ్ళకు అనుమతి తెచ్చాను. రేడియేటరు విప్పాను. దాన్ని విప్పాలంటే ముందు మూతికున్న స్వామి పటం తీయాలి. తీసి, కళ్ళకద్దుకుని, గ్యారేజీ గోడకు ఆనించి, రెండు పూలు పెట్టాను. రేడియేటరును పావగడకు పంపి సున్నమంతా కడిగించాను. రబ్బరు గొట్టాలు కొత్తవి వేశాను. వేడి చూసి తెరుచుకునే చిన్న కవాటం ఒకటి ఉంటుంది, దాన్ని గిన్నెలో నీళ్ళు కాచి, అందులో వేసి పరీక్షించాను. ఫ్యాను బెల్టు బిగించాను. నీళ్ళ పంపు చూశాను. అన్నీ బిగించి, చివర స్వామి పటాన్ని మళ్ళీ అదే చోట, అవే నాలుగు స్క్రూలతో బిగించాను. ఇంజను స్టార్టు చేసి అరగంట నిలబెట్టి నడిపాను. సూది సగం దగ్గర కదలకుండా కూర్చుంది. నా పని మీద నాకే ముచ్చటేసింది.

మర్నాడు మధ్యాహ్నం అదే ఎక్కుడులో లారీ ఉడికింది.

సూపర్‌వైజరు వేరే జిల్లా మనిషి. కన్నడం మాట్లాడతాడు, మా తెలుగు అర్థమవుతుంది, కొంచెం వచ్చు కూడా. చెడ్డవాడు కాదు. పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు. నన్ను ఆఫీసులోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"మేస్త్రీ, మీరు అంతా కొత్తగా చేసినారు. మీ దగ్గర నిలబెట్టి నడిపితే బాగుండాది. ఆయన చేతిలో పడితే ఉడుకుతాది. అంటే ఏంది?"

నేను చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాను.

"డ్రైవరు తప్పు అని ఒక కాగితం రాసి ఇవ్వండి. సోమవారం నుంచి వేరే డ్రైవరును పెట్టుకుంటాము. మీరు రాస్తే నేను ఇంకొకరిని అడగను. మీరు దేవుడి మనిషి."

తెల్లకాగితం ముందుకు జరిపాడు. నిజం చెప్పాలంటే నాకు అభ్యంతరంగా అనిపించలేదు. లెక్క సరిపోయినట్టే ఉంది. నా పని బాగుంది, బండి బాగుంది, మిగిలింది మనిషే. పెన్ను తీసుకున్నాను కూడా. కానీ ఆ పనిలోంచి ఇలాంటి మాట మీద పోయిన డ్రైవరును పార్కులో ఇంకెవరూ పిలవరు. బండి పాడుచేసినవాడన్న పేరు ఊరికి కూడా వెళుతుంది. "ఒక్క ట్రిప్పు నేను పక్కన కూర్చుని చూసి రాస్తాను సార్" అన్నాను. అది దయ కాదు. పక్కాగా రాయాలన్న పట్టుదల. ఆ పట్టుదల కూడా స్వామి పెట్టిందే అని ఇప్పుడు అనుకుంటాను.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం లారీ నింపుకుని బయలుదేరాము. డ్రైవరు, నేను, కిటికీ పక్కన కడిగే ఆడవాళ్ళకు పెద్దదిక్కు అయిన ఒకావిడ. ఆమెది వల్లూరు. యాభై దాటి ఉంటాయి. డ్రైవరుకు వరసకు అత్త. ఎండకు తట్టుకోవడానికి ఆ ఆడవాళ్ళందరూ తలకూ ముఖానికీ టవలు చుట్టుకుంటారు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆమె టవలులోంచే మాట్లాడుతోంది.

"ఏమన్నా, ఈపొద్దు నువ్వూ వచ్చినావే. పరీక్షనా మా అల్లునికి?"

"పరీక్షే అనుకోమ్మా."

"పాసయితే ఏమిస్తావు? పెయిలయితే ఏం చేస్తావు?"

డ్రైవరు ముందుకే చూస్తున్నాడు. కాగితం సంగతి ఆయనకు తెలిసిపోయిందని ఆ చూపులోనే అర్థమైంది.

తప్పు పట్టుకోవడానికి కూర్చున్నాను కాబట్టి ఆయన కాళ్ళూ చేతులూ కళ్ళార్పకుండా చూశాను. తమ్ముళ్ళారా, నలభై ఏళ్ళలో అంత శుభ్రమైన డ్రైవింగు నేను చూడలేదు. ఎక్కుడు రాకముందే గేరు తగ్గించాడు. ఇంజను మూలిగే అవకాశమే ఇవ్వలేదు. ఎక్కడా తొక్కి పట్టలేదు. వీపు మీద నీళ్ళు కదిలే బరువుకు కూడా ముందుగానే సిద్ధంగా ఉన్నాడు. అయినా సగం ఎక్కుడులో సూది పైకి పాకింది. ఆయన నా ముఖం చూడకుండా బండిని రోడ్డు ఓరన ఆపాడు. ఇంజను ఆపలేదు. ఉన్నపళంగా ఆపితే లోపలి నీళ్ళు ఒకేచోట మరుగుతాయని ఆయనకు తెలుసు. ఇంజనును మెల్లగా నడవనిచ్చాడు. రెండు మూడు నిమిషాల్లో సూది దిగడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. నిలబడితే చల్లబడుతోంది, పరుగెత్తితే ఉడుకుతోంది. పరుగెత్తే బండికి ఎదురుగాలి తోడవుతుంది, అప్పుడు చల్లగా ఉండాలి. ఆ గాలి రేడియేటరుకు చేరడం లేదేమో చూడమని ఏ నేర్చుకునేవాడికైనా నేనే చెబుతాను. ఎన్నోసార్లు చెప్పాను. ఆరోజు దిగి, లారీ ముందు నిలబడి, అలవాటుగా స్వామికి దండం పెట్టుకుని, బానెట్ ఎత్తి లోపల వెతకడం మొదలుపెట్టాను.

ఆవిడ కూడా దిగింది. లారీ నీడలో నిలబడి, ముఖం మీది టవలు కిందికి లాగి, గట్టిగా గాలి పీల్చుకుంది.

"అబ్బబ్బా. మేమైతే ఊపిరాడకపోతే ఇట్ల టవలు తీసేస్తామన్నా. దీనికి చేతులు యాడుండాయి?"

"దేనికమ్మా?"

"లారీకి. మూతికి అంత రేకు కొట్టినారు. అది యాడ్నుంచి ఊపిరి తీసుకునేది పాపం?"

నాకు ఒళ్ళు మండింది. "ఏం మాటలమ్మా అవి? అది రేకా? స్వామి!"

"స్వామిని అంటాండానా నేను? రేకును అంటాండా. స్వామికేమన్నా, యాడ పెట్టినా ఉంటాడు. గాలి అట్ల కాదు గదా, దోవ ఉంటేనే వస్తాది."

బానెట్ కర్ర నా చేతిలోనే ఉండిపోయింది. లోపల ఫ్యాను తిరుగుతోంది. రేడియేటరు ముందు, వెలుగు కనిపించవలసిన చోట, రేకు వెనకవైపు నల్లగా కనిపించింది. చలికాలం ముందు బిగించాను. చలికాలమంతా ఫ్యాను పక్కలనుంచి లాక్కున్న గాలితో సరిపెట్టుకుంది. ఎండాకాలం వచ్చి, నిండు బరువుతో ఎక్కుడు ఎక్కేసరికి దానికి ఊపిరి చాలలేదు. ఎప్పుడూ గ్యారేజీలో నిలబెట్టి చూసిన నాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? రోజుకు పదిసార్లు ఆ పటం ముందు నిలబడ్డాను. కళ్ళు మూసుకునే నిలబడ్డాను.

డ్రైవరు వైపు తిరిగాను. ఆయన తల వంచుకుని టైరును చూస్తున్నాడు. ఆ వంచుకున్న తీరు చూసి అడిగాను.

"నీకు తెలుసా?"

"తెలుసు అని కాదన్నా. అనుమానం ఉన్నింది."

"ఎప్పటినుంచి?"

"మొన్న సుడిగాలి వచ్చింది సూడు, ఆపొద్దు పైన రెండు స్క్రూలు ఊడి పటం ముందుకు వాలిపోయింది. అట్లనే ఎక్కుడు ఎక్కినా. సూది కదల్లేదు. సాయంత్రం నువ్వొచ్చి మళ్ళా బిగిస్తివి. బిగించినాక మళ్ళా ఉడికింది."

నాకు గుర్తొచ్చింది. 'స్వామిని ఇట్ల వంకరగా పెట్టుకుని ఊరంతా తిరుగుతావా, సిగ్గులేదా' అని ఆడవాళ్ళందరి ముందూ ఆయన్ను తిట్టాను. ఆయన ఒక్క మాట అనకుండా స్క్రూలు అందించాడు.

"మరి చెప్పల్ల గదప్పా!"

"యెట్ల చెప్పేదన్నా? నువ్వు ఒక్కపొద్దుండి బిగించిన పటం. దాన్ని తియ్యి అని నేనంటే, పాపం నాకు తగిలినా సరే, నీ మనసు నొచ్చుకుంటాది. పని పోతే ఇంకోటి చూసుకుందాంలే అనుకున్యా."

ఆవిడ మొట్టికాయ వేసినట్టు చెయ్యి విసిరింది. "ఏం అల్లుడప్పా నువ్వు! ఇంట్లో నలుగురికి తిండి పెట్టేటోనివి, మేస్త్రి మనసు కోసం పని ఇడ్సిపెడతావా?"

ఎంతోమంది భక్తుల కథలు చదివి చెప్పినవాణ్ణి. నా ఎదుట నిలబడినవాడు ఎలాంటివాడో గుర్తుపట్టలేకపోయాను. పైగా జేబులో ఆయన మీద రాయవలసిన తెల్లకాగితం మడిచి పెట్టుకుని తిరుగుతున్నాను.

స్క్రూడ్రైవరు తీసుకున్నాను. పూజ చేసి నిలిపినదాన్ని దారి మధ్యలో దింపడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. గ్యారేజీలో పని కోసం తీసి మళ్ళీ పెట్టడం వేరు. ఇది తీసి, పెట్టకుండా ఉండడం. చెప్పులు విప్పాను. ఆ తారురోడ్డు మీద కాళ్ళు కాలిపోతుంటే, "నీకు అడ్డం నేనే వచ్చాను స్వామీ, నువ్వు ఎవరికీ అడ్డం రాలేదు" అనుకుంటూ నాలుగు స్క్రూలూ విప్పాను. ఆవిడ సంచిలోంచి ఉతికిన టవలు తీసి పరిచింది. డ్రైవరూ నేనూ చెరోవైపు పట్టుకుని, పటాన్ని సీటు వెనక నిలబెట్టాము.

"ఇంక పోనీ" అన్నాను.

ఎక్కుడు ఎక్కింది. సూది సగం దగ్గర ఉంది. పైన ఆపకుండా, "వెనక్కి తిప్పు, మళ్ళీ ఎక్కించు" అన్నాను. మళ్ళీ ఎక్కింది. మూడోసారి నేను అడగకముందే ఆయనే తిప్పాడు. ఆ మనిషి నవ్వగా నేను చూడడం అదే మొదలు. పక్కన ఆవిడ "అయ్యో, తొట్లు నింపరా సామీ, నా ఆడోళ్ళు ఆడ ఎండలో కూచోనుండారు!" అని అరుస్తోంది.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళి కాగితం ఇచ్చాను. 'లారీ ఉడకడానికి కారణం దాని మూతికి నేను బిగించిన రేకు. డ్రైవరు తప్పు ఏమాత్రం లేదు. ఆయన నడిపినంత బాగా ఈ బండిని ఇంకెవరూ నడపలేరు' అని రాశాను. సూపర్‌వైజరు రెండుసార్లు చదివాడు.

"ఏం మేస్త్రీ, దేవుని మీదనే కంప్లేంటు ఇస్తాండారే!"

"దేవుని మీద కాదు సార్, నా మీద. కింద సంతకం చూడండి."

ఆయన నవ్వి, సంతకం వంక చూసి, నవ్వు ఆపి, కాగితం ఫైలులో పెట్టాడు. సోమవారం ఆ లారీ అదే డ్రైవరుతో బయలుదేరింది. తరువాత నేను రిటైరయ్యేదాకా అది ఉడకలేదు. అప్పటినుంచి ఏ బండి అయినా సరే, నేను పక్కన కూర్చుని రోడ్డు మీద నడిపించి చూడకుండా బాగుందని చెప్పలేదు. పటం ఇప్పుడు గ్యారేజీ గోడ మీద ఉంది.

ఆ ఏకాదశినాడు భజనకు వెళ్ళేసరికి మాట నాకంటే ముందే చేరింది. "స్వామిని నడిరోడ్డులో దించినారంట గదా" అన్నారు ఒక పెద్దాయన. పుస్తకం తెరవకుండా, జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పాను. డ్రైవరు అంతకుముందు వచ్చినప్పుడల్లా వాకిలి దగ్గరే కూర్చునేవాడు. ఆరోజూ అక్కడే ఉన్నాడు. నేను ఆయన వైపు చూపించి, "ఈయన నాకు నిజం చెప్పలేకపోయాడు. అంత భయం నేనే పెట్టాను. ఇక మీదట నేను ఎక్కడ తప్పినా ఈయన చెప్పాలి, మీ అందరి ముందూ అడుగుతున్నాను" అన్నాను. తరువాత పుస్తకం తెరిచి చదివాను.

అయిపోయాక అందరూ లేచి ప్రసాదం తీసుకుంటున్నారు. డ్రైవరు నా పీట దగ్గరికి వచ్చాడు. చేతులు నలుపుకున్నాడు. వాకిలి వైపు చూశాడు. మళ్ళీ నావైపు చూశాడు.

"అన్నా, ఒక మాట చెప్పొచ్చునా?"

"చెప్పప్పా."

"ఇప్పుడు చదివినావే, ఆ మూడో పద్యం. అందులో రెండో వరస నువ్వు ఎప్పుడూ తప్పు చదవతావు. మా నాయన గొర్ల ఎనకాల అదే పద్యం పాడుతాండె. ఆ మాట అది కాదు."

నేను దీపం దగ్గరికి పుస్తకం పట్టుకుపోయి, అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చూశాను. ఆయన చెప్పిందే నిజం. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నేను విన్నదే తప్పుగా విన్నాను. అదే ఇన్నేళ్ళూ చదివి, ఆ తప్పుకే అర్థం కూడా చెప్పాను.

"ఎన్నేండ్లనుంచి తెలుసప్పా నీకు?"

"ఏడెనిమిదేండ్లు అయింటాది."

నవ్వొచ్చింది. అంత గట్టిగా నేను భజనలో ఎప్పుడూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వాడు. అందరినీ మళ్ళీ కూర్చోమని, ఆ పద్యాన్ని మొదటినుంచి, సరిగ్గా, ఇద్దరం కలిసి చదివాము.

చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఉన్నచోటనే ఒక్క నిమిషం చేతులు జోడించండి. నాతోపాటు అడగండి. నారాయణా, మాకు పని ఇచ్చావు, పేరు ఇచ్చావు, నీ మాట చెప్పే నోరు ఇచ్చావు. మమ్మల్ని చూసి ఏ మంచి మనిషీ తనకు తెలిసిన నిజాన్ని మింగుకోకుండా చెయ్యి. మా తప్పు చెప్పడానికి వచ్చినవాడికి ధైర్యం ఇవ్వు, వినడానికి మాకు చెవి ఇవ్వు. ఆ మనిషి ఇల్లు చల్లగా ఉండేలా చూడు స్వామీ.